ప్రతిసృష్టి

ఉద్దేశం: యంత్రం కూడా మానవ సంకల్పానికి రూపమేననీ, వస్తువు ఆకృతిని నిర్ణయించేది అందం ఒక్కటే కాదనీ విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం, 1962లో ఇటలీలో ఒకే ఒక్కటిగా రూపొందిన పందెపు కారు చరిత్రను తెలియజేయడం.

పాఠ్యభాగం

రామాయణం బాలకాండలో త్రిశంకుని కథ ఉంది. బొందితో స్వర్గానికి వెళ్లాలని త్రిశంకుడు కోరాడు. వసిష్ఠుడు కాదన్నాడు. విశ్వామిత్రుడు తన తపోబలంతో పైకి పంపగా, ఇంద్రుడు అతనిని తలక్రిందులుగా తోసివేశాడు. అప్పుడు విశ్వామిత్రుడు దక్షిణ దిక్కున కొత్త నక్షత్రాలను సృష్టించి, వేరొక స్వర్గాన్ని నిర్మించడానికి పూనుకొన్నాడు. ఒకరు కాదన్నప్పుడు దానికి పోటీగా మరొకటి నిర్మించడాన్ని తెలుగువారు నేటికీ 'విశ్వామిత్ర సృష్టి' అనీ, 'ప్రతిసృష్టి' అనీ వ్యవహరిస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇటలీ దేశంలో అటువంటి ప్రతిసృష్టి ఒకటి జరిగింది. అయితే అక్కడ పుట్టినది నక్షత్రమండలం కాదు, ఒక కారు.

ఆ కారు కథ తెలుసుకొనే ముందు, కారుకు దేహం కట్టే శిల్పాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. ప్రాచీన భారతదేశంలో రథకారునికి ప్రత్యేక స్థానం ఉండేది. ఇరుసు, చక్రం, నొగ, కాడి అన్నీ కొలతలెరిగి అమర్చడం అతని విద్య. ఐరోపాలో గుర్రపు బగ్గీలను నిర్మించే శిల్పులు అటువంటివారే. పందొమ్మిదో శతాబ్ది చివర మోటారు వాహనం వచ్చినప్పుడు ఆ శిల్పుల విద్య నశించలేదు. కంపెనీవారు ఇంజను, చక్రాలు అమర్చిన చట్రాన్ని మాత్రమే ఇచ్చేవారు. కొన్నవారు దానిని శిల్పి దగ్గరకు తీసుకొనిపోయి, తమ అభిరుచికి తగిన దేహాన్ని కట్టించుకొనేవారు. ఇటలీ భాషలో ఇటువంటి కర్మశాలను 'కరొజ్జేరియా' అంటారు. 'కరొజ్జా' అంటే గుర్రపు బండి. గుర్రాలు పోయినా పేరు నిలిచింది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు 'బాడీ కట్టడం' ప్రసిద్ధమైన వృత్తి. యజమాని కంపెనీ నుంచి ఛాసిస్ కొని తెస్తాడు. మేస్త్రీలు, వడ్రంగులు, వెల్డర్లు, రంగులు వేసేవారు కలిసి దానిని లారీగా తీర్చిదిద్దుతారు. ఒకే కంపెనీ ఛాసిస్‌పై కట్టిన రెండు లారీలు ఒకే విధంగా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇటలీలో పందెపు కార్ల విషయంలోనూ చేతిపని విలువ ఇటువంటిదే. అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి, వంపులు తిప్పి, చట్రంపై అమర్చే పనివారు మోదెనా నగరంలో ఎందరో ఉండేవారు. వారి చేతుల మీదుగా వెలువడిన కొన్ని కార్లకు రెండో ప్రతి లేదు. అటువంటి కార్లలో ఒకదానికి ఆంగ్లేయులు పెట్టిన పేరు 'బ్రెడ్‌వ్యాన్', అంటే రొట్టెల బండి.

నిరాకరణ

మోదెనా సమీపంలోని మరనెల్లో గ్రామంలో ఎంజో ఫెరారీ స్థాపించిన కార్ల కర్మాగారం 1960 నాటికే ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. అక్కడి ఇంజనీర్లలో జొట్టో బిజ్జరీనీ ఒకడు. 1926లో జన్మించిన బిజ్జరీనీ పీసా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, 1957లో ఫెరారీ సంస్థలో చేరాడు. కారును స్వయంగా నడిపి పరీక్షించడం, లోపం కనిపిస్తే దానికి కారణాన్ని లెక్కలతో నిర్ధారించడం అతని ప్రత్యేకత. 1961లో ఒక కొత్త పందెపు కారును రూపొందించే బాధ్యత అతనికి లభించింది. అదే తరువాతి కాలంలో '250 జీటీవో' పేరుతో లోకప్రసిద్ధమైంది.

ఆ కారు పూర్తి కాకముందే సంస్థలో కలహం చెలరేగింది. నిర్వహణ విషయమై తలెత్తిన విభేదాల ఫలితంగా 1961 చివర బిజ్జరీనీ, కార్లో కితి మొదలైన ముఖ్యులు పలువురు ఒక్కసారిగా ఫెరారీ సంస్థను విడిచిపోయారు. జీటీవో నిర్మాణాన్ని యువ ఇంజనీరు మారో ఫోర్గియేరీ, దేహశిల్పి సెర్జో స్కాలియెత్తి పూర్తి చేశారు. సృష్టించినవాడు బయట, సృష్టి లోపల ఉండిపోయాయి.

బయటికి వచ్చినవారు 'ఏటీఎస్' అనే కొత్త సంస్థను స్థాపించారు. దానికి ధనసహాయం చేసినవారిలో వెనిస్ నగరానికి చెందిన కౌంట్ జొవాన్నీ వోల్పీ ఒకడు. వెనిస్ చలనచిత్రోత్సవాన్ని ప్రారంభించిన జుసెప్పే వోల్పీ అతని తండ్రి. ఆ ఉత్సవంలో ఉత్తమ నటీనటులకు నేటికీ ఇచ్చే బహుమతి పేరు 'వోల్పీ కప్'. చిన్న వయసులోనే సంపదకు వారసుడైన జొవాన్నీ, ప్రాచీన వెనిస్ గణతంత్రపు బిరుదును గుర్తుచేస్తూ 'స్కుదేరియా సెరెనిస్సిమా' అనే పందెపు జట్టును నడిపేవాడు. ఫెరారీ కార్లను కొని పందేలకు పంపేవాడు. 1962లో జీటీవో కార్లు కావాలని అతడు కోరాడు. తన్ను విడిచిపోయినవారికి అండగా నిలిచిన వ్యక్తికి కారు అమ్మడానికి ఎంజో ఫెరారీ అంగీకరించలేదు.

ధనం ఉన్నా వస్తువు దొరకని పరిస్థితి వోల్పీకి ఎదురైంది. అతడు వేరొక మార్గం ఆలోచించాడు. అప్పటికి అతని దగ్గర '250 జీటీ' తరగతికి చెందిన పాత పందెపు కారు ఒకటి ఉంది. దాని చట్రం సంఖ్య 2819. అది 1961లో ఫ్రాన్సు దేశమంతా చుట్టివచ్చే 'టూర్ ద ఫ్రాన్స్' మోటారు పందెంలో రెండో స్థానం పొందిన కారు. దానినే మార్చి, జీటీవోను ఓడించగల కారుగా చేయమని వోల్పీ బిజ్జరీనీని కోరాడు. జీటీవో బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో బిజ్జరీనీకంటే బాగా ఎరిగినవారు లేరు. తాను రూపొందించిన కారుకే పోటీగా మరొక కారును నిర్మించవలసిన విచిత్రమైన బాధ్యత అతనిపై పడింది.

గాలి నిర్ణయించిన ఆకారం

పాత కారులోని ఇంజను, జీటీవో ఇంజను ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ పన్నెండు సిలిండర్లతో, మూడు లీటర్ల పరిమాణం గలవే. కనుక శక్తి విషయంలో పెద్ద ఆధిక్యం సాధించడం సాధ్యం కాదు. బిజ్జరీనీ రెండు విషయాలపై దృష్టి నిలిపాడు. ఒకటి బరువు, రెండు గాలి.

సాధారణంగా ఇంజను నూనె దాని అడుగునే ఒక తొట్టిలో నిలువ ఉంటుంది. ఆ తొట్టి లోతు వల్ల ఇంజనును కొంత ఎత్తులో అమర్చవలసి వస్తుంది. నూనెను వేరొక పాత్రలో ఉంచి, పంపుల ద్వారా ఇంజనుకు అందించే ఏర్పాటు చేస్తే ఆ లోతు తగ్గుతుంది. బిజ్జరీనీ ఈ పద్ధతినే అనుసరించి ఇంజనును కిందికి దించాడు. అంతేకాక దానిని వెనుకకు జరిపాడు. దీనివల్ల బరువు ముందు చక్రాలపై అధికంగా పడక, కారు నడుమకు చేరింది. మలుపులలో కారు స్థిరంగా తిరగడానికి ఇది తోడ్పడుతుంది. మూడు కార్బ్యురేటర్ల స్థానంలో ఆరింటిని అమర్చాడు. ఇంజను కిందికి దిగినా, ఈ కార్బ్యురేటర్లు మాత్రం బానెట్ కంటే ఎత్తుగా నిలిచాయి. వాటిని కప్పడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ బుడిపె ఒకటి ఏర్పాటు చేశారు. అన్ని మార్పులూ పూర్తయ్యేసరికి కారు బరువు 935 కిలోలకు తగ్గింది. జీటీవోతో పోలిస్తే ఇది సుమారు 65 కిలోలు తక్కువ.

రెండో విషయం గాలి. వేగంగా పోయే వాహనానికి ఎదురుగాలి మాత్రమే అడ్డని చాలామంది భావిస్తారు. వాహనం వెనుక ఏర్పడే సుడులు కూడా దానిని వెనుకకు లాగుతాయి. మట్టిరోడ్డుపై బస్సు పోతున్నప్పుడు దాని వెనుకనే దుమ్ము గిరగిర తిరుగుతూ వెంటపడడం అందరూ చూసినదే. బస్సు తొలగించిన గాలి సాఫీగా కలుసుకోలేక వెనుక సుడులు తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, వాహనాన్ని వెనుకకు గుంజుతుంది. చేప దేహం వలె ముందు గుండ్రంగా, వెనుక క్రమంగా సన్నబడే ఆకారమైతే గాలి సాఫీగా జారిపోతుంది. కాని అంత పొడవైన తోక గల కారు పందెపు బాటలో తిరగలేదు, బరువూ పెరుగుతుంది.

ఈ చిక్కుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు వూనిబాల్డ్ కామ్, అతని సహచరులు 1930ల దశకంలో ఒక పరిష్కారం కనుగొన్నారు. కారు పైకప్పును వెనుకకు నెమ్మదిగా వాలనిచ్చి, కొంతదూరం పోయిన తరువాత తోకను నిలువుగా కోసివేసినట్లు ముగించాలి. తోక పూర్తిగా ఉన్నప్పుడు కలిగే ప్రయోజనంలో ఎక్కువ భాగం అప్పుడు కూడా లభిస్తుంది. తోక పొడవు, దాని బరువు మాత్రం ఉండవు. ఇందులో ముఖ్యమైనది వాలు. అది ఎక్కువైతే గాలి పైకప్పును విడిచిపెట్టి, ముందుగానే సుడులు తిరుగుతుంది.

జీటీవో పైకప్పు చోదకుని తల దాటగానే అందమైన వంపుతో కిందికి జారుతుంది. బిజ్జరీనీ తన కొత్త కారులో ఆ వంపును విడిచిపెట్టాడు. ముక్కును మరింత కిందికి దించి, పైకప్పును దాదాపు సమతలంగా కారు చివరివరకూ కొనసాగించి, అక్కడ నిలువుగా తెంచివేశాడు. మోదెనాలో కర్మశాల నడుపుతున్న పియేరో ద్రోగో ఆ దేహాన్ని కట్టాడు. ద్రోగో కేవలం శిల్పి కాదు. 1960 ఇటలీ గ్రాండ్ ప్రీ పందెంలో కారు నడిపినవాడు. వేగం ఏమి కోరుతుందో అతనికి స్వానుభవం.

దేహం పూర్తయిన తరువాత కనిపించిన రూపం విచిత్రంగా ఉంది. ముందు భాగం బాణంలా నేలకు ఆనుకొని ఉండగా, వెనుక భాగం సరుకుల బండిలా ఉంది. ఇంగ్లండు పత్రికలవారు దానికి 'రొట్టెల బండి' అని పేరు పెట్టారు. ఫ్రెంచివారు 'కామ్యోనెత్', అంటే చిన్న సరుకుల బండి అన్నారు. ఆ పేర్లలో ఉన్నది ఎగతాళియే. కాని ఆ రూపంలో అలంకారం కోసం చేసినది ఏదీ లేదు. ప్రతి రేఖకూ ఒక కారణం ఉంది.

పరీక్ష

1962 జూన్ 23వ తేదీ సాయంకాలం ఫ్రాన్సులోని లె మాన్ నగరంలో ఇరవైనాలుగు గంటల పందెం ఆరంభమయింది. రొట్టెల బండికి అదే మొదటి పందెం. జీటీవో కార్లు అంతకుముందే మార్చి నెలలో అమెరికాలోని సీబ్రింగ్ పందెంలో పాల్గొని రాటుదేలి ఉన్నాయి. మరొక చిక్కు కూడా ఉంది. జీటీవోను పాత కారుకు సవరించిన రూపంగా అధికారులు గుర్తించి, 'గ్రాండ్ టూరింగ్' తరగతిలో అనుమతించారు. రొట్టెల బండికి అటువంటి గుర్తింపు లభించలేదు. దానిని ప్రయోగాత్మక వాహనాల తరగతిలో చేర్చారు. ఇంజనును బట్టి అది ఫెరారీ. దేహాన్ని బట్టి ఫెరారీ కాదు. త్రిశంకుని వలె అది రెండు లోకాల నడుమ వేలాడింది.

ఇటలీకి చెందిన కార్లో అబాతే, ఇంగ్లండుకు చెందిన కోలిన్ డేవిస్ దానిని నడిపారు. పందెం మొదలైన కొద్ది గంటలలోనే పరిహాసం చేసినవారు ఆశ్చర్యపోయారు. రొట్టెల బండి జీటీవోలన్నింటినీ దాటిపోయింది. జీటీవోకు అయిదు గేర్లు ఉండగా, దీనికి ఉన్నవి పాత కారు నుంచి వచ్చిన నాలుగు గేర్లే. అయినా నాలుగో గంటలో మొత్తం కార్లలో ఏడో స్థానంలో నిలిచింది. గాలిని గురించి బిజ్జరీనీ వేసిన అంచనా నిజమని అందరి కళ్లెదుట రుజువయింది.

అంతలో ఇంజను శక్తిని చక్రాలకు చేరవేసే ఇరుసు విరిగింది. కారు ఆగిపోయింది. మిగిలిన ఇరవై గంటలూ పందెం అది లేకుండానే సాగింది. మరునాటి సాయంకాలం ఒలివియే జాందెబియాన్, ఫిల్ హిల్ నడిపిన ఫెరారీ విజయం సాధించింది. చట్రం సంఖ్య 2819ను 1961 ఫ్రాన్సు పందెంలో నడిపి, దానికి రెండో స్థానం తెచ్చిన ఇద్దరిలో ఈ జాందెబియాన్ ఒకడు. లె మాన్‌లో రెండు, మూడు స్థానాలు జీటీవోలకే దక్కాయి.

తరువాత ఆగస్టులో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ పందెంలో కోలిన్ డేవిస్ ఆ కారును నడిపి, గ్రాండ్ టూరింగ్ తరగతిలో ప్రథముడుగా, మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచాడు. అక్టోబరులో పారిస్ సమీపంలోని మోంలేరీలో జరిగిన వేయి కిలోమీటర్ల పందెంలో డేవిస్, లుదొవీకో స్కార్ఫియొత్తి కలిసి మూడో స్థానం సాధించారు. అక్కడ వారికంటే ముందు నిలిచినవి రెండూ జీటీవోలే. వేగం ఉన్నా, పెద్ద పందెంలో జీటీవోను చివరివరకూ వెనుక నిలిపే అవకాశం ఆ ఒంటరి కారుకు దక్కలేదు. ఒక పక్క కర్మాగారం, అనేక కార్లు, నెలల తరబడి చేసిన పరీక్షలు. మరొక పక్క ఒక్క కారు, కొద్దిమంది మనుషులు. ఈ అంతరాన్ని ఆకారం ఒక్కటే పూడ్చలేకపోయింది.

ఫలితం

ఏటీఎస్ సంస్థ 1963లో ఫార్ములా వన్ పందేలలో పాల్గొని విఫలమై, ఎంతోకాలం నిలవలేదు. బిజ్జరీనీ 1963లో లంబోర్గినీ సంస్థ కోసం పన్నెండు సిలిండర్ల ఇంజనును రూపొందించాడు. ఆ ఇంజను వంశం దశాబ్దాలపాటు కొనసాగింది. అతడు 2023లో తన 96వ ఏట మరణించాడు. జీటీవోలు 1962 నుంచి 1964 వరకు నిర్మించినవి 36 మాత్రమే. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది.

రొట్టెల బండి గెలవలేకపోయినా, దానిలోని సూత్రం మాత్రం గెలిచింది. అమెరికాలో కారొల్ షెల్బీ సంస్థకు చెందిన పీటర్ బ్రాక్ కూడా జర్మనీ శాస్త్రజ్ఞుల సిద్ధాంతాన్నే ఆధారం చేసుకొని, తోక తెంచినట్లున్న 'కోబ్రా డేటోనా కూపే' అనే కారును రూపొందించాడు. దానిని చూసి నవ్వినవారూ ఉన్నారు. 1964 లె మాన్ పందెంలో ఆ కారు జీటీవోలను ఓడించి తన తరగతిలో ప్రథమ స్థానం పొందింది. 1965లో ప్రపంచ గ్రాండ్ టూరింగ్ బహుమతినే గెలుచుకొంది. ఇంధనాన్ని పొదుపు చేయవలసిన అవసరం పెరిగిన తరువాత కామ్ తోక పందెపు బాట నుంచి సామాన్యుల రహదారికి వచ్చింది. టయోటా ప్రియస్ వంటి కార్లలో పైకప్పు మెల్లగా వాలి, వెనుక నిలువుగా ముగియడం ఆ సూత్రానికి అనుగుణమైనదే.

చట్రం సంఖ్య 2819 పందేలు ముగిశాక కొంతకాలం వోల్పీ సొంత ప్రయాణాలకు ఉపయోగపడింది. అటు తరువాత చేతులు మారింది. ఇరవయ్యొకటో శతాబ్దంలోనూ ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో జరిగే ప్రాచీన వాహనాల పందేలలో దాని ఇంజను ధ్వని వినిపించింది. ఒకనాడు ఎగతాళిగా పెట్టిన పేరునే నేడు అభిమానులు గౌరవంగా ఉచ్చరిస్తున్నారు.

ఎంజో ఫెరారీ నిరాకరణ లేకపోతే ఈ కారు పుట్టేది కాదు. అయితే అది కేవలం ఆగ్రహం నుంచి పుట్టినదీ కాదు. కోపం వోల్పీ చేత పనిని ప్రారంభింపజేసింది. ఆ పనికి రూపమిచ్చినది మాత్రం బిజ్జరీనీ సంవత్సరాలపాటు సంపాదించిన జ్ఞానం, ద్రోగో కర్మశాలలోని పనివారి నేర్పు. తలుపు మూసినవారిని నిందిస్తూ కూర్చోక, తమ చేతిలో ఉన్న పాత చట్రాన్ని ముందు వేసుకొని, దానిలో ఏమి మార్చవచ్చునో వారు ఆలోచించారు. నాలుగు గంటలపాటు మాత్రమే సాగిన ఆ ప్రయత్నాన్ని అరవై ఏళ్లు గడిచినా లోకం మరువకపోవడానికి కారణం అదే.

కఠిన పదాలకు అర్థాలు

బొంది = శరీరం
తపోబలం = తపస్సు వలన కలిగిన శక్తి
రథకారుడు = రథాన్ని నిర్మించేవాడు
ఇరుసు = చక్రాలను కలిపే దండం
నొగ = బండికి ముందుకు సాగిన పొడవైన కర్ర
చట్రం = వాహనానికి ఆధారమైన నిర్మాణం, ఛాసిస్
కర్మశాల = పని జరిగే చోటు
చోదకుడు = వాహనాన్ని నడిపేవాడు
సమతలం = ఎత్తుపల్లాలు లేనిది
పరిహాసం = ఎగతాళి
రాటుదేలు = అనుభవంతో గట్టిపడు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'రొట్టెల బండి' రూపొందడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. కారు ఆకృతికి, గాలికి ఉన్న సంబంధాన్ని పాఠ్యభాగం ఆధారంగా విశదీకరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. విజయవాడ ఆటోనగర్ ప్రస్తావన ఈ పాఠంలో ఎందుకు వచ్చింది?
2. 1962 లె మాన్ పందెంలో రొట్టెల బండి పాత్రను తెలపండి.
3. 'ప్రతిసృష్టి' అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. సృష్టించినవాడు బయట, సృష్టి లోపల ఉండిపోయాయి.
2. త్రిశంకుని వలె అది రెండు లోకాల నడుమ వేలాడింది.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'కరొజ్జా' అనే పదానికి అర్థమేమిటి?
2. రొట్టెల బండి దేహాన్ని కట్టినవారు ఎవరు?
3. లె మాన్‌లో ఆ కారు ఆగిపోవడానికి కారణమేమిటి?